ముక్కుకు తెలియని ముప్పు

రొంపిచెర్ల రైతు పాత ట్రాక్టరుకు కొత్త రంగు కొట్టించాలన్నా, నరసరావుపేటలో కారు సొట్ట తీయించాలన్నా పని జరిగేది ఎక్కువగా రేకుల షెడ్డులోనే. కంప్రెసర్ ఆడుతుంటుంది, పెయింటరు మూతికి రుమాలు కట్టుకుని గన్ను పడతాడు. అక్కడ అందరూ జాగ్రత్తపడేది తిన్నరు దగ్గర, ముక్కు పగిలే వాసన కాబట్టి. అందులోని టోలుయిన్, జైలీన్ తల తిప్పుతాయి, గొంతు మండిస్తాయి, నిజమే. కానీ ఉబ్బసం తెచ్చిపెట్టడంలో పేరుమోసినది పక్కనున్న చిన్న డబ్బా. రెండు డబ్బాలు కలిపి వాడే టూకే రంగుల్లోని హార్డెనర్లలో సాధారణంగా ఐసోసైనేట్లు ఉంటాయి. భోపాల్‌ను చంపిన వాయువుదీ ఈ కుటుంబమే, పదార్థం మాత్రం వేరు. హాని చేసే మోతాదులో కూడా వీటి వాసన ముక్కుకు అందదు. గన్ను ఆపాక కూడా కంటికి కనపడని తుంపర కొన్ని నిమిషాలు గాలిలోనే తేలుతుంది. సరిగ్గా అప్పుడే పెయింటరు రుమాలు విప్పుతాడు. ఆ రుమాలు ఆవిరిని ఎలాగూ ఆపదనుకోండి.

‘ఇరవై ఏళ్లుగా కొడుతున్నా, నాకేం కాలేదే’ అనే మేస్త్రీ అబద్ధమాడటం లేదు. ఆయాసం వచ్చినవాళ్లు పని మానేసి పోతారు, తట్టుకున్నవాళ్లే షెడ్డులో మిగులుతారు, సాక్ష్యం చెప్పేది వాళ్లే. పైగా ఐసోసైనేట్ ఒంటికి ఒకసారి పడకుండా పోయిందంటే ఆ తర్వాత ఆవగింజంత చాలు, ఛాతీ పట్టేస్తుంది. అది కూడా తరచూ పని ముగిసిన కొన్ని గంటలకు, ఇంట్లో, రాత్రిపూట. దాంతో నింద మంచుమీదకో, దుమ్ముమీదకో పోతుంది. ఇక పెయింటరు వృత్తినే క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ. ఆ వృత్తి తెచ్చే క్యాన్సర్లలో ఊపిరితిత్తులది ఒకటి.

చట్టం లేదా అంటే, ఉంది. 1948 ఫ్యాక్టరీల చట్టం ఐసోసైనేట్ విషప్రభావాన్ని ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల్లో చేర్చింది. అయితే ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచేచోట 10 మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ అయ్యేది. దాని స్థానంలోకి వచ్చిన 2020 వృత్తి భద్రత కోడ్ ఆ లెక్కను 20కి పెంచింది. ఇద్దరు ముగ్గురుండే షెడ్డు ఆ లెక్కకు అందదు. రుమాలు బదులు స్వచ్ఛమైన గాలిని గొట్టంతో అందించే మాస్కు పెట్టుకోమంటే, అది ఖరీదు, ఎండలో ఉక్కపోత అన్న అభ్యంతరం కొట్టిపారేసేది కాదు. అయినా హార్డెనర్ అక్కర్లేని రంగు సరిపోయే పనికి అదే వాడటం, గన్ను పట్టేటప్పుడు కుర్రాళ్లను దూరంగా పంపడం ఖర్చులేని పనులు. డాక్టరు కూడా ఉబ్బసం మందు రాసే ముందు ఏం పని చేస్తావని అడగాలి. మిరప కోతలకు పోయిన రోజుల్లో ఆయాసం తగ్గి, షెడ్డుకు రాగానే తిరగబెడితే అనుమానించాల్సింది హార్డెనర్‌నే. ఊది చూసే పీక్‌ఫ్లో మీటరుతో పని రోజుల్లో, పనిలేని రోజుల్లో కొలతలు రాసుకుంటే తేడా అంకెల్లోనే కనిపిస్తుంది. జబ్బు ఎంత త్వరగా బయటపడి, మనిషి ఆ గాలికి దూరమైతే ఊపిరితిత్తులు కోలుకునే అవకాశం అంత ఎక్కువ.