నీలగిరి ధూమశకటము: రెండుమారులు పనిచేయు ఆవిరి

కోయంబత్తూరు ప్రాంతపు తెలుగువారికి మేట్టుపాళయము చిరపరిచితము. అచ్చటినుండి కూనూరునకు 1899లోను, ఉదకమండలమునకు 1908లోను మీటరుగేజి రైలు చేరినది. కల్లారు దాటిన పిమ్మట పండ్రెండడుగులకు ఒక అడుగు చొప్పున ఎక్కవలసియుండుటచే నునుపు చక్రములు జారును. కావున కూనూరు వరకు పట్టాల నడుమ పండ్లుగల ఉక్కుకమ్ములను బిగించిరి.

స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ కర్మాగారమున రూపొందిన ‘ఎక్స్’ తరగతి యంత్రమునకు నాలుగు సిలిండర్లు కలవు. క్రిందిజంట మామూలు చక్రములను త్రిప్పును. అందు పనిచేసి వెలువడిన ఆవిరియే ఎగువదారిలో పైజంటను చేరి, పండ్లచక్రములను త్రిప్పును. పండ్లకమ్మి లేనిచోట అది పొగగొట్టమునకే పోవును.

ఈ మార్గము 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వమైనది. పాతయంత్రములు అరుగగా, 2011 మొదలు తిరుచిరాపల్లి పొన్మలై కర్మాగారమున అదే అమరికతో నూనెపొయ్యి యంత్రములను నిర్మించిరి. ఇనుము క్రొత్తదైనను, ఆ పనితనము చేతినుండి చేతికి అందినందుననే ఈ బండి నేటికిని విహారయాత్రికులతో కొండ యెక్కుచున్నది.