కొండవాలు పాడి క్షేత్రానికి తొలి ట్రాక్టర్‌.. హార్స్‌పవర్‌ కన్నా నిలకడ ముఖ్యం

మధురవాడ: పాడి మీద ఆధారపడిన చిన్న రైతు కుటుంబానికి ట్రాక్టర్‌ కొనుగోలు పెద్ద నిర్ణయం. ఇంటి నిర్మాణం తర్వాత అంత అప్పు చేసేది సాధారణంగా దీనికోసమే. మైదాన ప్రాంతంలో తప్పుడు ఎంపిక జరిగితే డబ్బు నష్టంతో పోతుంది. కొండవాలులో అదే పొరపాటు ప్రాణాల మీదకు వస్తుంది. కంబాలకొండ, సింహాచలం కొండల చెంత నుంచి ఆనందపురం, పద్మనాభం వైపు విస్తరించిన ఎర్రనేలల్లో గేదెలు, ఆవులు పెంచే రైతులు తొలి ట్రాక్టర్‌ కొనే ముందు కొన్ని లెక్కలు వేసుకోవడం అవసరం.

మధురవాడ ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థ పరిధిలో ఉంది. ఒకప్పటి పొలాలు అనేకం లేఅవుట్లుగా మారాయి. పశువుల శాల ఇంటి వద్ద, పచ్చగడ్డి పెంచే భూమి దూరంగా ఏ కొండ మొదట్లోనో ఉన్న రైతులకు ట్రాక్టర్‌తో దుక్కి కన్నా రవాణా అవసరమే ఎక్కువ. ఈ తేడా గుర్తిస్తే ఎంపిక సగం తేలిక అవుతుంది.

రోజుకు మోయాల్సింది ఎంత?

పాలిచ్చే గేదెకు రోజుకు సుమారు 25 నుంచి 30 కిలోల పచ్చగడ్డి కావాలి. పది పశువులున్న శాలకు రోజుకు 250 నుంచి 300 కిలోలు చాలు. పెద్ద పశువు రోజుకు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుందనుకుంటే శాల నుంచి బయటకు వెళ్లేది 150 నుంచి 200 కిలోలు. రెండూ కలిపినా అర టన్నుకు మించవు. పొలానికి గెత్తం తోలే రోజుల్లో మాత్రం బరువు పెరుగుతుంది. అప్పుడు కూడా ఒకేసారి నింపి తోలడం కన్నా నాలుగు చిన్న దఫాలుగా తోలవచ్చు.

గడ్డిని ముక్కలు చేసే చాఫ్‌ కట్టర్‌కు, నీరు తోడే పంపుకు ట్రాక్టర్‌ ఇంజిన్‌ అక్కర్లేదు. శాల వద్ద కరెంటు ఉంటే రెండు మూడు హెచ్‌పీ మోటారు ఆ పని తక్కువ ఖర్చుతో చేస్తుంది. ఇక మిగిలేది రవాణా, గడ్డి మడి దుక్కి. ఈ రెండింటికీ 15 నుంచి 25 హెచ్‌పీ చిన్న ట్రాక్టర్‌ సరిపోతుంది. మైదానంలో వరి రైతు వాడే 40, 50 హెచ్‌పీ యంత్రాన్ని చూసి అదే కొంటే అప్పు రెట్టింపవడమే కాక ఇరుకు బాటల్లో తిప్పడమూ కష్టమే.

వాలు కొలిచే పద్ధతి

షోరూముకు వెళ్లే ముందు భూమిని కొలవాలి. ఇందుకు పది అడుగుల తిన్నని కర్ర, తాపీ మేస్త్రీలు వాడే నీటి గొట్టం ఉంటే చాలు. కర్ర ఒక కొసను వాలు ఎగువన నేలకు ఆనించి, రెండో కొసను నీటి మట్టానికి సమంగా పట్టుకోవాలి. దిగువ కొసకు, నేలకు మధ్య ఖాళీ ఒక అడుగు ఉంటే వాలు పది శాతం. రెండు అడుగులుంటే ఇరవై శాతం, అంటే సుమారు 11 డిగ్రీలు. మూడు అడుగులైతే దాదాపు 17 డిగ్రీలు. బాట, మడి, మలుపు.. ఇలా ట్రాక్టర్‌ తిరిగే ప్రతి చోటా కొలవాలి. వాటిలో అతి నిటారుగా ఉన్న చోటే యంత్రం ఎంపికను నిర్ణయిస్తుంది.

అడుగులోపు వాలులో మామూలు జాగ్రత్తలు చాలు. ఒకటి, రెండు అడుగుల మధ్య నాలుగు చక్రాల చోదకం ఉన్న ట్రాక్టర్‌, తక్కువ బరువు, నెమ్మది అవసరం. రెండు అడుగులు దాటిన చోట ట్రాక్టర్‌ నడపకపోవడమే మేలు.

బోల్తా ఎలా పడుతుంది?

ట్రాక్టర్‌ రెండు విధాలుగా బోల్తా పడుతుంది. మొదటిది పక్కకు. వెనుక చక్రాల మధ్య వెడల్పు తక్కువై, బరువు కేంద్రం ఎత్తులో ఉంటే ఈ ప్రమాదం ఎక్కువ. వాలుకు అడ్డంగా వెళ్తున్నప్పుడు ఎగువ చక్రం రాయి ఎక్కినా, దిగువ చక్రం గుంతలో దిగినా వాలు ఒక్కసారిగా పెరిగినట్లే.

ఇక్కడే ఒక మెలిక ఉంది. చిన్న ట్రాక్టర్లలో చాలా మోడళ్లను పండ్ల తోటలు, అంతర పంటల్లో వరుసల మధ్య తిరిగేలా ఇరుకుగా తయారు చేస్తారు. తోటలో ఆ ఇరుకుదనం సుగుణం, కొండవాలులో అదే లోపం. అందువల్ల వెనుక చక్రాల వెడల్పు ఎంతవరకు పెంచవచ్చో డీలర్‌ను అడగాలి. అనేక మోడళ్లలో చక్రం డిస్కును తిరగవేసి బిగిస్తే వెడల్పు పెరుగుతుంది. డెలివరీ తీసుకునే రోజే ఆ పని చేయించుకోవాలి.

రెండోది వెనక్కి. బరువుతో ఎగువకు వెళ్తూ క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ముందు చక్రాలు గాలిలోకి లేస్తాయి. ట్రాలీని లేదా గొలుసును డ్రాబార్‌కు కాక అంతకన్నా ఎత్తున తగిలించినా ఇదే జరుగుతుంది. ఒకటి రెండు సెకన్లలోనే అంతా అయిపోతుంది కనుక దూకి తప్పించుకునే వ్యవధి ఉండదు.

ఎక్కడం కన్నా దిగడమే గండం

చాలామంది రైతులు ట్రాక్టర్‌ ఎంత బరువు లాగుతుందని అడుగుతారు. కొండవాలులో అడగాల్సింది ఎంత బరువును ఆపగలదని. ట్రాలీ, సరుకు కలిపి మూడు టన్నులుంటే ఇరవై శాతం వాలులో అది దాదాపు 600 కిలోల బలంతో ట్రాక్టర్‌ను కిందికి నెడుతుంది. చిన్న ట్రాక్టర్‌ బరువే సుమారు 600 నుంచి వెయ్యి కిలోల లోపు. తడిసిన ఎర్రమట్టిలో చక్రాలు పట్టు తప్పితే ట్రాలీ వెనుక నుంచి తోసి ట్రాక్టర్‌ను అడ్డం తిప్పేస్తుంది. ట్రాలీ, సరుకు కలిపి ఒక టన్నుకు పరిమితం చేస్తే అదే వాలులో నెట్టే బలం 200 కిలోల లోపే ఉంటుంది. బ్రేకులు లేని ట్రాలీ బరువు సరుకుతో కలిపి ట్రాక్టర్‌ బరువును మించకుండా చూసుకోవడం కనీస జాగ్రత్త.

సాధారణంగా ట్రాక్టర్‌ బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. నాలుగు చక్రాల చోదకం వేసి ఉంచితే ఇంజిన్‌ నిరోధం, బ్రేకు పట్టు ముందు చక్రాలకూ అందుతాయి. దిగేటప్పుడు కూడా దీన్ని వేసి ఉంచడం అందుకే అవసరం. అయితే ఇది పట్టును పెంచుతుందే తప్ప పక్కకు పడిపోకుండా ఆపదు. దిగువకు వెళ్లేటప్పుడు తక్కువ గేరులో ఉండాలి. మధ్యలో క్లచ్‌ నొక్కడం, గేరు మార్చడం కూడదు. కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి ఉంచే లాక్‌ వేసి ఉందో లేదో వాలు ఎక్కే ముందే చూసుకోవాలి. ఒక్క పెడల్‌ మీదే కాలు పడితే ట్రాక్టర్‌ అటే తిరుగుతుంది. పేడ నీరు, బురద నిత్యం తగిలే చోట నూనెలో మునిగి ఉండే బ్రేకులు పొడి బ్రేకుల కన్నా మెరుగు.

రక్షణ చట్రం అడిగి తీసుకోవాలి

డ్రైవర్‌ సీటు వెనుక నిలబెట్టే ఇనుప చట్రాన్ని రోప్స్‌ అంటారు. ట్రాక్టర్‌ తిరగబడినా డ్రైవర్‌ నలిగిపోకుండా ఇది కాపాడుతుంది. స్వీడన్‌ 1959లోనే కొత్త ట్రాక్టర్లకు దీన్ని తప్పనిసరి చేసింది. ఆ తర్వాత అక్కడ బోల్తా మరణాలు గణనీయంగా తగ్గాయి. మన దేశంలో కొన్ని మోడళ్లకే ఇది అమరి వస్తుంది. మిగిలిన వాటికి విడిగా అడగాలి. స్థానికంగా వెల్డింగ్‌ చేయించిన గొట్టాల పందిరి ఎండను ఆపుతుందే గాని ట్రాక్టర్‌ బరువును ఆపలేదు. రోప్స్‌ ఉన్న ట్రాక్టర్‌పై సీటు బెల్టు తప్పక పెట్టుకోవాలి. రోప్స్‌ లేని దానిపై బెల్టు పెట్టుకోకూడదు. మడ్‌గార్డుపై మరొకరిని కూర్చోబెట్టే అలవాటును మొదటి రోజు నుంచే మానుకోవాలి.

దుక్కిలో చిక్కు

నేల కోతను ఆపాలంటే వాలుకు అడ్డంగా దున్నాలి. ట్రాక్టర్‌ పక్కకు పడకూడదంటే వాలు వెంబడి నిలువుగా నడపాలి. ఈ రెండూ ఒకచోట కుదరవు. అడ్డంగా దున్నడం ప్రమాదమనిపించే చోట అసలు దున్నకపోవడమే దీనికి పరిష్కారం. అక్కడ హైబ్రిడ్‌ నేపియర్‌ వంటి బహువార్షిక గడ్డి పిలకలను వాలుకు అడ్డంగా వరుసల్లో చేత్తో నాటితే కొన్నేళ్లపాటు మళ్లీ దుక్కి లేకుండా కోతలు వస్తాయి. వేర్లు మట్టినీ పట్టి ఉంచుతాయి. ట్రాక్టర్‌ను దిగువ బాట వరకే పరిమితం చేయవచ్చు.

ఏ మోడల్‌ చూడాలి?

మార్కెట్లో మహీంద్రా యువరాజ్‌ 215, స్వరాజ్‌ 717 వంటివి 15 హెచ్‌పీ తరగతివి. కుబోటా నియోస్టార్‌ బి2441, మహీంద్రా జీవో 245 వంటివి 24 హెచ్‌పీ తరగతిలో నాలుగు చక్రాల చోదకంతో లభిస్తున్నాయి. వాలు పది శాతం లోపు ఉండి రవాణాయే ప్రధానమైతే మొదటి తరగతి చాలు. అంతకు మించిన వాలు, రోటావేటర్‌ పని ఉంటే రెండోది అవసరం. పేరు కన్నా పరీక్ష నివేదిక ముఖ్యం. మధ్యప్రదేశ్‌లోని బుద్నిలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లను పరీక్షించి బరువు, పీటీవో శక్తి, బ్రేకుల పనితీరు, ఇంధన వినియోగం వంటి వివరాలతో నివేదిక ఇస్తుంది. డీలర్‌ వద్ద ఆ నివేదిక చూడాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర సంస్థలో యంత్రాల వాడకంపై శిక్షణ ఇస్తారు. సర్వీసు కేంద్రం, విడిభాగాలు ఎంత దూరంలో ఉన్నాయన్నదీ చూడాలి. దుక్కి ఒక వారం ఆగవచ్చు గాని పశువుల మేత ఒక్క పూట ఆగదు.

గిట్టుబాటు లెక్క

ఉదాహరణకు నాలుగు లక్షల రూపాయల రుణం పది శాతం వడ్డీతో ఐదేళ్లకు తీసుకుంటే నెల వాయిదా దాదాపు రూ.8,500. ఏడాదికి రూ.1.02 లక్షలు. ట్రాక్టర్‌ ఏడాదికి 300 గంటలు తిరిగితే గంటకు రూ.340 వాయిదాకే పోతుంది. 150 గంటలే తిరిగితే అది రూ.680 అవుతుంది. డీజిల్‌, మరమ్మతులు, బీమా దీనికి అదనం. 20 హెచ్‌పీ ఇంజిన్‌ పూర్తి భారంతో గంటకు నాలుగు లీటర్లకు పైగా, తేలిక పనికి రెండు మూడు లీటర్లు తాగుతుంది. మొత్తం కలిపితే ఊళ్లో అద్దె రేటును మించుతున్నట్లయితే కొనుగోలు వాయిదా వేయడమో, పక్క రైతుతో కలిసి కొనడమో మంచిది.

2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లపై జీఎస్టీ 12 నుంచి ఐదు శాతానికి, ట్రాక్టర్‌ టైర్లపై 18 నుంచి ఐదు శాతానికి తగ్గింది. కొటేషన్‌లో ఆ తగ్గింపు కనిపిస్తోందో లేదో సరిచూసుకోవాలి. రాయితీ పథకాలు ఏవి అమల్లో ఉన్నదీ అడ్వాన్సు చెల్లించక ముందే రైతు సేవా కేంద్రంలో తెలుసుకోవాలి. పాత ట్రాక్టర్‌ కొనేవారు ఆర్సీపై ఫైనాన్స్‌ నమోదు తొలగించేందుకు ఫారం 35 అందిన తర్వాతే పూర్తి సొమ్ము ఇవ్వాలి. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్‌ అవసరం. జాతీయ రహదారి దాటాల్సిన ట్రాలీకి వెనుక దీపాలు, మెరిసే స్టిక్కర్లు ఉండాలి. సముద్రపు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది కనుక పేడ తోలిన ప్రతిసారీ ట్రాలీని కడిగి ఆరనివ్వాలి.

చివరిగా డీలర్‌ను కోరాల్సింది ఒకటుంది. ట్రయల్‌ను షోరూము ముందు తారురోడ్డుపై కాక రైతు సొంత బాటపై, కొలిచిన వాలులో, పగటి పూట, అర టన్ను సరుకుతో చేయించాలి. ముందుగా ఖాళీ ట్రాక్టర్‌తో, ఆ తర్వాతే ట్రాలీతో, కంపెనీ డ్రైవర్‌ చేత దింపించి చూడాలి. బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారుతున్నా, ట్రాలీ ముందుకు తోస్తున్నా ఆ బాటకు ఆ యంత్రం తగదని గ్రహించాలి. అప్పుడు మోడలైనా మార్చాలి, బరువైనా తగ్గించాలి, లేదా బాటను మెలికలు తిప్పి వాలు తగ్గించాలి. రెండు రోజుల పొక్లెయిన్‌ అద్దెతో బాట సరిచేయడం కొన్నిసార్లు పెద్ద ట్రాక్టర్‌ కొనడం కన్నా చవక.