కంటికందని ప్రోటాను

ఉదజని పరమాణువు తన యొక్క ఎలక్ట్రానును కోల్పోయినచో మిగులునది ప్రోటాను. ఎక్సు కిరణములు ఎలక్ట్రానులను బట్టియే పరమాణువులను చూపును గనుక ప్రోటాను వానికి దొరకుట దుర్లభము.

బేరియం జిర్కొనేటు అను ఆక్సైడులో కొంత జిర్కోనియమునకు మారుగా యిట్రియమును చేర్చినచో, ఆమ్లజని యుండవలసిన తావులు కొన్ని ఖాళీయగును. వేడిమిలో నీటియావిరి సోకగా, నీటిలోని ఆమ్లజని ఆ ఖాళీలను నింపును. దానితో వచ్చిన ప్రోటానులు ఒక ఆమ్లజని నుండి మరియొకదానికి గెంతుచు విద్యుత్తును మోయును. ఇంధనమునుండి విద్యుత్తును పుట్టించు ఘటములకు ఈ గుణము మిగుల నుపయుక్తము.

ఆ ప్రోటానులు ఎచట నిలుచునో తెలియుటెట్లు? బ్లాక్, పర్సెల్ అను శాస్త్రజ్ఞులు 1946లో వేర్వేరుగా ప్రకటించిన కేంద్రక అయస్కాంతానునాదము ఇందుకు సాధనము. బలమైన అయస్కాంత క్షేత్రములో ప్రోటాను, తన పరిసరములకు తగిన పౌనఃపున్యముగల రేడియో తరంగమునకే బదులు పలుకును. ఘనపదార్థములో ఈ పలుకులు కలగాపులగమగును. కావున పొడిని చిన్న గొట్టములో నుంచి, క్షేత్రమునకు 54.7 డిగ్రీల వాలున సెకనుకు వేలకొలది పర్యాయములు త్రిప్పుదురు. అప్పుడు పలుకులు తేటపడును.

ఏ పలుకు ఏ తావుదో తేల్చునది గణితము. క్వాంటం సూత్రముల ననుసరించి కంప్యూటరు ఒక్కొక్క తావునకు రావలసిన పౌనఃపున్యమును లెక్కించును. దానిని కొలతతో పోల్చి చూతురు. యిట్రియము చెంత ప్రోటానులు చిక్కువడుచున్నవని 2013లో వెలువడిన యొక పరిశోధన తెలిపెను.

బాలలారా! కన్ను చూడలేని చోట కొలత యొక సాక్షి, లెక్క మరియొక సాక్షి. రెండును ఏకమైననే శాస్త్రజ్ఞులు తీర్పు చెప్పుదురు.