కలుగులో ఎలుక, కడలిలో సొర

కైకలూరు చెరువుల్లో పెద్ద చేప అంటే బొచ్చె. కొల్లేరు మంచినీటి సరస్సు కనుక అక్కడ సొర కనబడదు. కానీ ఆ నీరే సుమారు 60 కిలోమీటర్ల ఉప్పుటేరు వెంట సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ఏటికి ఈ చివర వరిచేలో ఎలుక, ఆ చివర సముద్రంలో సొర. ఈ రెంటిలో ఏది గట్టిదో చెప్పమంటే తడుముకోకుండా సొర అనేస్తాం.

చేలో తిరిగే చిట్టెలుక సుమారు 10 గ్రాములు తూగుతుంది. చేపలన్నిటిలోకీ పెద్దది తిమింగలం సొర. కొలిచిన వాటిలో అతి పెద్దది 18.8 మీటర్లు. పళ్ల దగ్గర మాత్రం రెండూ గొప్పవే. ఎలుక కొరుకుడు పళ్లు బతికినంతకాలం పెరుగుతూనే ఉంటాయి. సొరకు పన్ను ఊడితే వెనక వరసలోది ముందుకొస్తుంది.

అసలు వింత కాన్పుల్లో ఉంది. వరి దుబ్బులు కొరికి, కంకులు కలుగులోకి లాక్కుపోయే పొలం ఎలుక దాదాపు మూడు వారాల్లోనే ఈనుతుంది. ఈతకు ఆరేడు పిల్లలు. మూడు నెలలు తిరిగేసరికి ఆ పిల్లలూ తల్లులవుతాయి. ఒక్క రైతు ఎలుకల బుట్టలు పెట్టించి తన చేను ఖాళీ చేయించినా, పక్క చేలోవి వచ్చి అవే కలుగుల్లో దూరతాయి. ఊరంతా ఒకేసారి పూనుకుంటే తప్ప వీటి పని పట్టలేం. మార్టేరు వరి పరిశోధన స్థానంలో ఎలుకల మీద ప్రత్యేకంగా పరిశోధన సాగుతున్నదంటే వీటి సత్తా ఏపాటిదో తెలుస్తుంది.

బాలింతకు పాలు పడతాయని పుట్టు వండిపెట్టే పాలసొర మహా అయితే ఎనిమిది పిల్లలను కంటుంది. వాటిని ఏడాదిపాటు కడుపులో మోస్తూ, బొడ్డుతాడుతో పోషిస్తుంది. చూలు సొర వలలో పడిందంటే ఆ ఏడాది మోత అంతా పోయినట్టే.

ఉత్తర అట్లాంటిక్ చలినీటిలో తిరిగే గ్రీన్‌లాండ్ సొరది మరీ చిత్రం. 2016లో శాస్త్రవేత్తలు కంటి కటకంలోని కర్బనాన్ని పరీక్షించి, 5 మీటర్ల ఆడ సొర వయసు కనీసం 272 ఏళ్లని తేల్చారు. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంతకాలం బతికేది మరొకటి తెలియదు. అది తల్లి కావడానికి సుమారు 150 ఏళ్లు పడుతుంది. ఇప్పుడు ఈడుకొస్తున్న సొర పుట్టేనాటికి ధవళేశ్వరం ఆనకట్టకు పాతికేళ్లయినా నిండలేదు!

ఎలుకలా తొందరగా పెరగలేని సొరలకు రక్షణ కావాలి. తిమింగలం సొరను మన ప్రభుత్వం 2001లో పులితో సమానంగా రక్షిత జంతువుల మొదటి షెడ్యూలులో చేర్చింది. పాలసొర వంశమంతటినీ 2022లో వన్యజీవుల వ్యాపార ఒప్పందమైన సైటిస్‌లోని దేశాలు అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చాయి. ఈ పని ఇంకా ముందే జరగాల్సింది.