శీతల సంలీనము: ప్రకటనయు, ప్రమాణమును

పరమాణు కేంద్రకములను సూర్యగోళపు మహోష్ణము లేకయే సంలీనము గావించి, వెచ్చించిన విద్యుత్తుకంటె హెచ్చు ఉష్ణమును బడసితిమని హైదరాబాదునందలి హైలెనర్ అను ప్రైవేటు సంస్థ 2024లో ప్రకటించినది. తన పద్ధతికి భారత ప్రభుత్వపు పేటెంటును పొందినది.

మన నగరమున నిట్టి సాహసము పొడసూపుట మాకు హర్షదాయకము. అయినను పేటెంటు హక్కునకు ముద్రయే కాని, ఫలితమునకు ప్రమాణము కాజాలదు. 1989లో అమెరికాలో ఫ్లైష్‌మన్, పాన్స్ అను రసాయన శాస్త్రజ్ఞులు ఇట్టి ప్రకటననే గావింపగా, ఇతర ప్రయోగశాలలలో అది నిలువలేదు.

మహోష్ణ మార్గమునందును 2022లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాల 2.05 మెగాజౌళ్ల లేజరు కాంతికి 3.15 మెగాజౌళ్ల శక్తిని రాబట్టినది గాని, ఆ లేజర్లకు సుమారు 300 మెగాజౌళ్ల విద్యుత్తు వ్యయమైనది.

కావున పెట్టుబడి పెట్టువారు తొందరపడరాదు. స్వతంత్ర ప్రయోగశాలలు స్వయముగా కొలిచి ధ్రువపఱచిననాడే ఈ వెలుగు మనదని చెప్పుకొందము. దేశాభిమానము ఉష్ణమాపకమునకు బదులు కాదు.