బిగిసిన తాడు దగ్గర నిలబడకు బిడ్డా

గట్టి వాన పడి వెలిసిన రోజున తుక్కుగూడ వైపు వెళ్తే, అవుటర్ రింగురోడ్డు పక్కన సర్వీసు రోడ్డు అంచున, ఎర్రమట్టిలో దిగబడ్డ కారు కనబడుతుంటుంది. దాని ముందు టోయింగ్ బండి, చుట్టూ జనం. టోయింగ్ అబ్బాయి తాడు ముట్టకముందే "అన్నా, దూరం జరగండి, తాడు దాటకండి" అని కేకలేస్తాడు. సాయం పడదామని వచ్చినవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. "తాతా, ఆయన అందర్నీ ఎందుకు తరుముతున్నాడు?" అని అడిగావు చూడు, ఆ ప్రశ్నలోనే ఈ పని కిటుకంతా ఉంది. కూర్చో, చెప్తా.

ముందు లెక్క. వెయ్యి కిలోల చిన్న కారుని చదునైన తారురోడ్డు మీద న్యూట్రల్‌లో పెట్టి జరపాలంటే పది పదిహేను కిలోలు ఎత్తేంత బలం చాలు. అందుకే వాకిట్లో ఆగిపోయిన బండిని ఇద్దరు పిల్లలు కలిసి తోసేయగలరు. అదే కారు మెత్తటి బురదలోకి దిగితే రెండు మూడొందల కిలోల బలం కావాలి. ఇరుసు దాకా కూరుకుపోతే దాని బరువంత బలం, ఒక్కోసారి అంతకు మించి. చక్రం ఇక దొర్లడం లేదు కదా. ముందున్న మట్టిని దున్నుకుంటూ, అడుగున అంటుకున్న బురదని పీక్కుంటూ రావాలి. పది మీటర్లకు ఒక మీటరు లేచే ఎగువకు గుంజాలంటే బండి బరువులో ఇంకో పదో వంతు దానికి తోడవుతుంది. అనుభవమున్న టోయింగ్ మనిషి వచ్చీరాగానే కారు చుట్టూ తిరిగి, వంగి కిందికి చూసేది ఈ లెక్క కోసమే. ఆ తర్వాత పార పట్టి చక్రాల ముందున్న మట్టి తీసేస్తాడు. చూసేవాళ్లకు ఇదేదో కాలయాపన అనిపిస్తుంది గానీ, కాసేపటి పార పనితో తాడు మీద పడాల్సిన బరువు ఎంతో తగ్గిపోతుంది.

తొందరపడేవాళ్లు ఏం చేస్తారంటే, దొరికిన గొలుసో మోకో జీపుకి కట్టి, కొంత వదులుగా విడిచి, ఒక్క ఉదుటున ముందుకు ఉరికిస్తారు. ప్రాణం మీదికి వచ్చేది ఇక్కడే. వెయ్యి కిలోల జీపు గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఉరికి, గొలుసు బిగిసి ఆగిందనుకో. ఆ వేగంలో జీపుకున్న చలనశక్తి సుమారు 3,900 జౌళ్లు. గొలుసూ హుక్కులూ అన్నీ కలిపి సాగేది 10 సెంటీమీటర్లే అయితే, ఆ శక్తంతా ఆ బెత్తెడు దూరంలోపే ఖర్చయిపోవాలి. అంటే సగటున నాలుగు టన్నుల బలం హుక్కు మీద పడుతుంది. ఒక మీటరు దాకా సాగే నైలాన్ బెల్టు కడితే? అదే జీపు, అదే వేగం, బలం మాత్రం నాలుగొందల కిలోలు. సాగే గుణం ఎంత మేలు చేస్తుందో చూశావా!

అయితే ఆ శక్తి ఎటూ పోలేదు. సాగిన బెల్టులోనే దాక్కుని ఉంది. నువ్వు గులేరు రబ్బరు చివరిదాకా లాగి పట్టుకున్నప్పుడు రాయి కదలకుండా ఉంటుంది గానీ, వేళ్లు వదిలితే ఏమవుతుందో నీకు తెలుసు. ఇక్కడ రాయి బదులు ఇనుప హుక్కు ఉంది. కారువైపు కొక్కెం విరిగితే ఆ హుక్కు తాడు వెంటే వెనక్కి ఎగిరొస్తుంది. ఇందాకటి శక్తిలో ఎనిమిదో వంతు అందినా చాలు, కిలో బరువున్న ఇనుప ముక్క గంటకు 110 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. మనిషి ఒంటికి ఆ దెబ్బ తగిలితే ఇంకేమైనా ఉందా? బంపరుకి కట్టిన తాడు, తుప్పుపట్టిన కొక్కెం, మధ్యలో ముడి వేసి అతికించిన మోకు, ఇవన్నీ ఇలాంటి ప్రమాదాలకు పుట్టిళ్లు. ముడి వేసిన చోట తాడు బలం సగానికి దగ్గరగా పడిపోతుందని పనివాళ్లందరికీ తెలుసు. అయినా కొందరు వేస్తూనే ఉంటారు. నాకు అదే బాధ.

అందుకే తెలిసినవాళ్ల పద్ధతి వేరు. తాడు నడుమ బరువైన గోనె సంచో తడి దుప్పటో మడిచి వేస్తారు. తెగితే ఆ బరువు తాడుని నేలకు లాగేస్తుంది. హుక్కు మూతి పైకి ఉండేలా తగిలిస్తారు, ఊడినా అది నేలవైపే పోతుందని. షాకిల్, అంటే మరబోల్టుతో మూసే ఇనుప కడియం, దాని బోల్టుని చివరిదాకా బిగించి కొద్దిగా వెనక్కి తిప్పుతారు. లేకపోతే బరువు పడ్డాక అది పట్టేసి మళ్లీ విప్పలేరు. వైరు తాడు పట్టుకునేటప్పుడు తోలు గ్లవుజులు తప్పవు. తెగిన ఉక్కు పోగు ఒక్కటి గుచ్చుకున్నా అరచెయ్యి చీరేస్తుంది. తాడుని గుప్పిట్లోంచి జారనివ్వకూడదు, ఒక చేతి తర్వాత ఒక చెయ్యి మార్చి మార్చి పట్టుకోవాలి. వించి, అంటే తాడుని చుట్టుకుంటూ గుంజే యంత్రం, దాని డ్రమ్ము మీద కనీసం ఐదు చుట్లైనా మిగల్చాలి. తాడు చివరన బిగించిన చిన్న బోల్టు బరువు మోయలేదు, మోసేది ఆ చుట్ల రాపిడే. ఇంకో సంగతి, డ్రమ్ము మీద వరుస మీద వరుస తాడు చుట్టుకున్నకొద్దీ డ్రమ్ము లావై వించి గుంజే బలం తగ్గుతుంది. మొదటి వరుసలో ఉన్నప్పుడే దాని పూర్తి సత్తా.

వించి బలం చాలకపోతే కప్పీ వాడతారు. తాడుని కారుకి తగిలించిన కప్పీ గుండా తిప్పి, మళ్లీ టోయింగ్ బండికే కడితే కారుని రెండు తాళ్లు గుంజుతున్నట్టు లెక్క. బలం రెట్టింపు, వేగం సగం. ప్రకృతి ఉచితంగా ఏదీ ఇవ్వదు, దూరం తీసుకుని బలం ఇస్తుంది. అదే కప్పీని చెట్టుకు కట్టి తాడుని మలుపు తిప్పితే మాత్రం ఆ చెట్టు మీద రెండింతల దాకా బరువు పడుతుంది. చాలామంది మరిచిపోయేది ఇదే. అలాగే కారుకి రెండు వైపులా రెండు గొలుసులు తగిలించి నడిమిట్లో కలిపినప్పుడు, వాటి మధ్య కోణం ఎంత తక్కువుంటే అంత మంచిది. కోణం 60 డిగ్రీలైతే ఒక్కో గొలుసు మీద మొత్తం బలంలో 58 శాతం పడుతుంది. 120 డిగ్రీలు దాటితే ఒక్కో గొలుసూ మొత్తం బలం కంటే ఎక్కువే మోయాలి. గొలుసులు కాస్త పొడవు పెంచితే కోణం దానంతటదే చిన్నదవుతుంది.

ఈ టోయింగ్ బండి కనిపెట్టిందెవరంటావా? అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని చాటనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అనే గ్యారేజీ ఆయన. వాగులో పడ్డ కారుని మనుషులూ మోకులూ పెట్టి గంటల తరబడి గుంజి గుంజి అలసిపోయాక, 1916లో ఒక పాత కాడిలాక్ బండి మీద మూడు కర్రలు, ఒక కప్పీ, ఒక గొలుసు బిగించి తొలి టోయింగ్ బండి తయారుచేశాడు. ఆ ఊళ్లో ఇప్పుడు టోయింగ్ మ్యూజియం ఉంది. పనిలో ప్రాణాలు పోగొట్టుకున్న టోయింగ్ వాళ్ల పేర్లు రాసిన గోడ కూడా ఉంది అక్కడ. మన దగ్గర అలాంటి గోడ ఉన్నట్టు వినలేదు, ఉండాలి.

ఇక ఏ బండిని ఎలా తీసుకెళ్లాలి? ఇంజను ఆగిన కారుకి బ్రేకు ఉంటుంది గానీ, బ్రేకుకి సాయం ఉండదు. ఒకటి రెండుసార్లు తొక్కేసరికి మిగిలిన సాయం అయిపోయి పెడలు రాయిలా గట్టిపడుతుంది. స్టీరింగూ బరువెక్కుతుంది. తాళం చెవి ఆన్‌లో లేకపోతే స్టీరింగ్ లాకు పడి తిరగనే తిరగదు. కాబట్టి తాడు కట్టి రోడ్డు మీద లాక్కెళ్లాలంటే వెనక కార్లో లైసెన్సున్న మనిషి ఉండాలి, రెండు బండ్ల మధ్య ఐదు మీటర్లకు మించి ఉండకూడదు, బండి నెమ్మదిగానే పోవాలి. ఇవన్నీ రోడ్డు నియమాల్లోనే ఉన్నాయి. ఆటోమేటిక్ గేరు బండైతే తాడు ఊసే ఎత్తవద్దు. దాని గేరుపెట్టెలో నూనె తిప్పే పంపు ఇంజనుతోనే నడుస్తుంది. ఇంజను ఆగి చక్రాలు తిరిగితే పళ్లు ఎండిపోయి కాలిపోతాయి. కరెంటు కార్లదీ అదే కథ, కారణమే వేరు. చాలావాటిలో మోటారులో శాశ్వత అయస్కాంతాలుంటాయి. చక్రం తిరిగితే మోటారే జనరేటరై కరెంటు పుట్టిస్తుంది. నాలుగు చక్రాలూ నేల మీద లేకుండా ఫ్లాట్‌బెడ్ లారీ మీదికి ఎక్కించాల్సిందే. టోయింగ్ కొక్కెం స్టెప్నీ దగ్గర సామాను సంచిలో ఉంటుంది. బంపరు మీద చిన్న మూత తీసి బిగించాలి. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిరుగుతుంది, కుడికి తిప్పి బిగియడం లేదని బలవంతం చేయకూడదు.

తాడు తెగకుండా కాపాడటం ఒక విద్యయితే, కావాలని తెగే భాగం పెట్టడం ఇంకో విద్య. అది చూడాలంటే మనకు శంషాబాద్ విమానాశ్రయం పక్కనే ఉంది, 2008 నుంచి నడుస్తోంది. ఎ320 విమానం నిండు బరువు 78 టన్నుల దాకా ఉంటుంది. దాన్ని గేటు నుంచి వెనక్కి నెట్టే టగ్గు బండికీ ముందు చక్రానికీ మధ్య ఉక్కు కడ్డీ ఒకటుంటుంది. ఆ కడ్డీలో కావాలనే సన్నటి పిన్నులు పెడతారు. టగ్గు మితిమీరి మలుపు తిప్పినా, కుదుపు ఇచ్చినా ముందు ఆ పిన్నే తెగుతుంది, విమానం కాలు విరగదు. ఇంకో పిన్ను కూడా ఉంది, ఎర్ర రిబ్బను వేలాడుతూ. అది పెడితే పైలట్ స్టీరింగ్ ముందు చక్రం మీద పనిచేయదు. లేకపోతే పైన పైలట్ స్టీరింగ్ తిప్పితే ముందు చక్రం తిరిగి, ఆ ఉక్కు కడ్డీ కింద నిలబడ్డ మనిషి కాళ్ల మీదికి విసురుతుంది. పని అయ్యాక ఆ మనిషి పిన్ను బయటికి తీసి, రిబ్బనుతో సహా పైకెత్తి పైలట్‌కి చూపిస్తాడు. ఈసారి విమానం ఎక్కినప్పుడు కిటికీ పక్క సీటు దొరికితే గమనించు.

నీళ్ల సంగతీ చెప్పాలి. 2020 అక్టోబరు 13 రాత్రి గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు హైవే మీదికి వచ్చింది. బండ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. అంత బరువైన కారు ఎలా తేలుతుందంటావా? నాలుగు మీటర్ల పొడవు, 1.6 మీటర్ల వెడల్పు కారు అడుగు భాగం పైకి 15 సెంటీమీటర్ల నీళ్లు లేస్తే, అది పక్కకు నెట్టే నీటి బరువు 960 కిలోలు. చిన్న కారు బరువే అంత! నేల నుంచి అడుగు భాగానికి ఉండే ఎత్తు కలిపినా మోకాలి లోతు కూడా కాదు. అప్పుడిక చక్రాలకు రోడ్డు మీద పట్టుండదు. నీళ్లు తీశాక ఆ కారుని స్టార్టు చేసి చూడాలనిపిస్తుంది. చేయకూడదు. సిలిండర్లో నీళ్లు చేరి ఉంటే, నీరు గాలిలా కుదించుకోదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. వేలల్లో పోయే ఖర్చు లక్షల్లోకి వెళ్తుంది. అలాగే ఫ్లాట్‌బెడ్ మీద మెకానిక్ దగ్గరికి చేర్చడమే.

ఆఖరుగా రింగురోడ్డు మీద బండి ఆగితే ఏం చేయాలో గుర్తుపెట్టుకో. అక్కడ 2023 నుంచి వేగ పరిమితి 120. అంటే సెకనుకు 33 మీటర్లు. వెనక వచ్చేవాడు రెండు సెకన్లు ఫోన్ చూస్తే చాలు, 66 మీటర్లు చూడకుండానే వచ్చేస్తాడు. బండిని ఎంత వీలైతే అంత ఎడమకు తీయాలి. నాలుగు లైట్లూ వేయాలి. అందరూ ఎడమవైపు తలుపుల్లోంచి దిగి ఇనుప రెయిలింగుకి అవతలికి వెళ్లాలి. కారు వెనక నిలబడి చేతులూపడం, డిక్కీ తెరిచి సామాను సర్దడం అస్సలు వద్దు. ఎర్ర త్రిభుజం వెనక దూరంగా పెట్టాలి, పెట్టడానికి వెళ్లేవాళ్లు రెయిలింగు అవతలి నుంచే నడవాలి. జాతీయ రహదారి మీదైతే 1033కి ఫోన్ చేస్తే మనుషుల్ని పంపుతారు. టోయింగ్ వాళ్లతో మాట్లాడేటప్పుడు నాలుగు ముక్కలు స్పష్టంగా చెప్పు. దగ్గర్లోని ఎగ్జిట్ ఏది, శంషాబాద్ వైపు పోతున్నారా బొంగ్లూరు వైపా, గేర్లు చేత్తో వేసేవా ఆటోమేటిక్కా, చక్రాలు తిరుగుతున్నాయా పట్టేశాయా. ఈ నాలుగూ తెలిస్తే తాడు బండి కాకుండా ఫ్లాట్‌బెడ్ రావాలా అన్నది వాళ్లు బయల్దేరేముందే తేల్చుకుంటారు.