జర్మను భాషలో నాలుగు మాటలు

వేలూరు, గుడియాత్తము ప్రాంతములలోని మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములలో ఇంగ్లీషు, ఇరుగుపొరుగున ఉర్దూ వినుచు పెరుగుచున్నారు. ఇన్నింటి నడుమ జర్మను ప్రసక్తి ఏలయని తలిదండ్రులు అడుగవచ్చును. కారణము దూరమున లేదు. ఆంబూరు, రాణిపేటల తోలు సరకు జర్మనీకి ఎగుమతి యగుచున్నది. వేలూరులోని వి.ఐ.టి. విశ్వవిద్యాలయమున జర్మను పాఠములు కలవు. నర్సు విద్య ముగించిన దక్షిణాది యువతీయువకులు ఆ దేశపు ఆసుపత్రులకు పోవుచున్నారు. ఇందుకై 2021లో కేరళ ప్రభుత్వ సంస్థయగు నోర్కా అచటి ఉద్యోగ సంస్థతో ఒప్పందము చేసికొన్నది. అచట నర్సుగా గుర్తింపు పొందవలెనన్న సాధారణముగా బి-2 స్థాయి భాషాపరీక్ష నెగ్గవలెను. చెన్నైలోని మాక్స్ ముల్లర్ భవనమున ఈ పరీక్షలు జరుగుచున్నవి. మెట్లలో మొదటిది ఏ-1. పలకరింపు, పేరు, ఊరు, ధర, వేళ చెప్పగలుగుటయే దాని పని. ఆ మొదటి మెట్టు ఎక్కువానికి మన తెలుగు ఎచట చేయందించునో, ఎచట కాలికి అడ్డుపడునో చెప్పుటయే మా ఉద్దేశము.

ఇదే బాటలో మనకు ఎదురుగా నడచి వచ్చినవాడు ఒకడు కలడు. బెంజమిన్ షుల్‌ట్సె అను జర్మను మతబోధకుడు 1719లో తరంగంబాడికి చేరి, 1726లో మద్రాసు వచ్చి, తెలుగు నేర్చి, 1728లో లాటిను భాషలో తెలుగు వ్యాకరణము వ్రాసెను. 1743లో స్వదేశమునకు మరలిన పిమ్మట హాలే నగరమున తెలుగు పుస్తకములు అచ్చొత్తించెను. 1746, 1747 సంవత్సరముల నాటి ఆ పుస్తకములే అచ్చయిన తొలి తెలుగు పుస్తకములని పండితులు చెప్పుదురు.

ఆయన పేరు చివరనున్న ధ్వనితోనే పాఠము మొదలుపెట్టుదము. అది చాప, చుక్క అను మాటలలోని మన దంత్య చకారము. పూర్వులు దీనిని పైన గుర్తు పెట్టి ‘ౘ’ అని అచ్చువేసిరి. జామ, జల్లెడలలోని ‘ౙ’ దీనికి తోడు. జర్మనులో ఈ రెండింటికి దగ్గరి ధ్వనులు అడుగడుగునను వచ్చును. రెండు ‘ౘ్వై’, పది ‘ౘేన్’, మీరు ‘ౙీ’. ఇంగ్లీషు మాత్రమే ఎరిగినవాడు మాట మొదట ‘ౘ’ రాగానే తడబడును. అవ్వ వెంట ‘చాప’ అని స్పష్టముగా పలికిన పిల్లకు ఆ తడబాటు ఉండదు. నఖ్ట్, అనగా రాత్రి. ఇందలి ‘ఖ’ ఉర్దూవారి ‘ఖబర్’లోనిది. నేను అనుటకు ‘ఇష్’ అని వ్రాయుచున్నాము గాని అది సరియైన షకారము కాదు. ‘హి’ అని గుసగుసలాడినప్పుడు వచ్చు ఊపిరి వంటిది. మన లిపి అన్నింటిని పట్టగలదని మేము చెప్పము. వినియే నేర్వవలసినవి కొన్ని కలవు.

ఉదయము ‘గూటెన్ మోర్గెన్’, పగలు ‘గూటెన్ టాక్’, సాయంకాలము ‘గూటెన్ ఆబెంట్’. ‘గూటె నఖ్ట్’ అనునది పలకరింపు కాదు. నిద్రకు పోవునప్పటి మాట. సెలవు తీసికొనుటకు ‘ఔఫ్ వీడర్‌ౙేయెన్’ అందురు. మరల చూచుకొందము అని దాని భావము. పోవుచు ‘పోయివత్తును’ అను మనకు ఇది కొత్త కాదు.

మర్యాద విషయమున తెలుగు చేయూత మరింత పెద్దది. ఇంగ్లీషులో అందరికి ఒకటే మాట. జర్మనులో ‘ౙీ’ మన మీరు, ‘డూ’ మన నువ్వు. ‘వీ గేట్ ఎస్ ఈనెన్?’ అన్న మీరు కులాసాగా ఉన్నారా అని. స్నేహితుని ‘వీ గేట్ ఎస్ డీర్?’ అని అడుగుదురు. అయితే హద్దులు మనవి కావు. అచట తండ్రి, తాత, దేవుడు అందరును ‘డూ’యే, పరిచయము లేని పెద్దవారందరును ‘ౙీ’. పొరుగింటి ఆమెను అక్కయ్యా అని పిలుచుట అచట చెల్లదు. పురుషుడైన ‘హెర్’, స్త్రీయైన ‘ఫ్రౌ’ అని, పిదప ఇంటిపేరు చెప్పవలెను.

ఇక కాలికి అడ్డుపడు చోటు. మనము అంగడిలో ‘ఉప్పు ఇవ్వండి’ అందుము. ఆ ‘అండి’లోనే వినయము ఇమిడియున్నది, దయచేసి అనిన విన్నవారు నవ్వుదురు. ఆ వాక్యమునే జర్మనులోనికి మార్చిన ఆజ్ఞవలె వినిపించును. ‘బిట్టె’ చేర్చితీరవలెను. ‘డాంకె’, అనగా కృతజ్ఞత, చిల్లర ఇచ్చిన దుకాణదారునికి కూడ చెప్పవలెను. అమ్మ అన్నము వడ్డింపగా ధన్యవాదములు చెప్పని మనకు ఇది మొదట కృత్రిమముగా తోచును. అంతకంటె చిక్కు మరొకటి కలదు. ఎవరైన కాఫీ కావలెనా యని అడిగినప్పుడు ఉత్త ‘డాంకె’ అనిన తరచుగా వద్దని అర్థము. కావలెనన్న ‘యా, బిట్టె’ అనవలెను. మొహమాటమునకు ఒకసారి వద్దని, రెండవసారి బలవంతపెట్టుదురని కూర్చుండు మనవారు అచట కాఫీ లేకయే ఇల్లు చేరుట సంభవము!

ఆసుపత్రికి పోవువారికి ‘హాబెన్ ౙీ ష్మెర్‌ౘెన్?’ అనునది తప్పనిసరి: నొప్పిగా ఉన్నదా? అర్థము కానప్పుడు ‘ఇష్ ఫెర్‌ష్టేయె నిష్ట్’ అని, ‘బిట్టె ష్ప్రెషెన్ ౙీ లాంగ్‌ౙామ్’, అనగా మెల్లగా చెప్పుడని కోరవలెను. రోగి మాట తెలియకయే తల ఊపుట కంటె పదిసార్లు అడుగుట మేలని మా అభిప్రాయము. ‘ఇష్ మోష్టె వసర్ ట్రింకెన్’ అన్న నాకు నీళ్లు త్రాగవలెనని ఉన్నది అని. త్రాగుట అను క్రియ వాక్యము చివరకు పోయినది చూడుడు. తెలుగువానికి ఈ కూర్పు అంత వింత కాదు.

అంకెలలో మాత్రము తెలుగును వదలి సంస్కృతమును పట్టుకొనవలెను. ఇరువదియైదును ‘ఫ్యున్ఫ్-ఉంట్-ౘ్వాన్‌ౘిష్’ అందురు: అయిదును ఇరువదియును. మన ‘పంచవింశతి’ వరుస ఇదియే. ధర విని వ్రాసికొనునప్పుడు 25 కాస్త 52 అగుటకు ఇదియే కారణము.

‘వీ హైసెన్ ౙీ?’ మీ పేరేమి? ‘ఇష్ హైసె’ అని పేరు చెప్పుట సులభము. దరఖాస్తులో నింపుట కష్టము. ‘ఫోర్‌నామె’ మన పేరు, ‘నాఖ్‌నామె’ ఇంటిపేరు. మనలో ఇంటిపేరు ముందు వచ్చును, వారిలో వెనుక. ఈ ప్రాంతమున అనేకులకు ఇంటిపేరు రికార్డులలోనే లేదు. తండ్రి పేరులోని మొదటి అక్షరము మాత్రము ఇనీషియలుగా ఉన్నది. ఒక్క అక్షరమును నాఖ్‌నామె గడిలో వ్రాసిన, పాస్‌పోర్టులో వేరు విధముగా ఉన్న, రెండు కాగితములు ఇరువురివిగా కనబడును. కావున పిల్లవాని పేరు బడి సర్టిఫికెట్టులోను, పాస్‌పోర్టులోను ఒకే తీరున పడునట్లు తలిదండ్రులు ఇప్పుడే చూచుకొనవలెను.